వీల్‌చెయిర్‌కు హాల్లో చోటుంది, స్టేజీ మీద?

2019 జూన్ 9న న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో టోనీ అవార్డుల వేడుక జరిగింది. అమెరికా నాటకరంగంలో అంతకు మించిన పురస్కారం లేదు. ఆ రాత్రి 'ఓక్లహోమా!' అనే సంగీత నాటకంలో ఎయిడో ఆనీ (Ado Annie) పాత్ర వేసిన అలీ స్ట్రోకర్‌కు ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చింది. వీల్‌చెయిర్ వాడే కళాకారులకు నటనలో టోనీ రావడం అదే మొదటిసారి. మామూలుగా నామినేషన్ వచ్చినవాళ్లు ప్రేక్షకుల మధ్య కూర్చుంటారు. పేరు పిలవగానే లేచి, పక్కవాళ్లను కౌగిలించుకుని స్టేజీ ఎక్కుతారు. స్ట్రోకర్ మాత్రం తన పేరు పిలిచేసరికి తెర వెనక ఉన్నారు. సీట్ల వైపు నుంచి స్టేజీ మీదికి ర్యాంప్ లేదు మరి.

అవార్డు అందుకున్నాక విలేకరులు అడిగితే ఆమె సూటిగానే చెప్పారు. థియేటర్లలో ప్రేక్షకుల వైపు ఏర్పాట్లు చేశారు, తెర వెనక చేయలేదు, యజమానులూ నిర్మాతలూ ఇక అటు కూడా చూడాలి అని.

న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే బ్రాడ్‌వే థియేటర్లలో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దం మొదటి ముప్ఫై ఏళ్లలో కట్టినవి. 1990లో అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక హాల్లో కొన్ని సీట్లు తీసి వీల్‌చెయిర్లకు చోటు చేశారు. కానీ డ్రెస్సింగ్ రూములు ఇరుకు మెట్ల మీదే ఉండిపోయాయి. తెర వెనక దారులు ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత వెడల్పుతోనే మిగిలాయి. వికలాంగులు టికెట్ కొనుక్కుని నాటకం చూడ్డానికి వస్తారని ఊహించగలిగారు గానీ, వేషం కట్టడానికి వస్తారని ఊహించలేకపోయారు.

ఈ విషయం మీద చర్చ ఎప్పుడు మొదలైనా ఒకే చోట చిక్కుకుంటుంది. వైకల్యం ఉన్న పాత్రను వికలాంగులే వేయాలా? అయితే హంతకుడి పాత్రకు జైలు నుంచి హంతకుణ్ణి తెచ్చుకోవాలా? ఈ ఎదురు ప్రశ్నకు చప్పట్లు బాగానే పడతాయి, చర్చ అక్కడితో ఆగిపోతుంది. కానీ స్ట్రోకర్ గెలిచిన పాత్రను గమనించండి. 1943 నాటి ఆ నాటకంలో ఎయిడో ఆనీ ఒక కొంటెపిల్ల, ఏ కుర్రాడు పలకరించినా కాదనలేని మనిషి. స్క్రిప్టులో ఆమెకు ఏ వైకల్యమూ లేదు. స్ట్రోకర్ వీల్‌చెయిర్‌లో తిరుగుతూ, పాడుతూ, సరసాలాడుతూ ఆ పాత్రను వేశారు. చక్రాలు ఎందుకున్నాయని నాటకంలో ఎవరూ అడగరు, ఎవరూ జాలిపడరు.

అంటే ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. వైకల్యం ఉన్న పాత్ర ఎవరికివ్వాలన్నది ఒకటి. వైకల్యంతో సంబంధం లేని వందలాది పాత్రలకు వికలాంగ నటుల్ని అసలు పిలుస్తున్నారా అన్నది రెండోది. గొడవంతా మొదటిదాని మీద జరుగుతుంది. రెండోది తేలనంతకాలం మొదటిది కూడా తేలదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ముందు మన నాటకరంగంలోకే ఒకసారి వెళ్లి రావాలి.

స్థానం వారి సత్యభామ

నటన అంటే తనది కాని ఒంట్లోకి దూరడమే కదా అనేవాళ్లకు తెలుగులో ఒక్క పేరు చాలు, స్థానం నరసింహారావు. సత్యభామగా ఆయన నడక గురించి, వాలుచూపు గురించి మన పెద్దవాళ్లు కథలు కథలుగా చెప్పేవారు. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఒక మగవాడు అంత గొప్ప సత్యభామ కాగలిగినప్పుడు, రెండు కాళ్లూ బాగున్న నటుడు కుంటివాడి వేషం ఎందుకు వేయకూడదు?

వేయకూడదని కాదు. స్థానం వారు స్త్రీ వేషాలు వేసిన కాలంలో ఆడవాళ్లు స్టేజీ ఎక్కే దారి చాలామటుకు మూసి ఉంది. సంసారుల ఇంటి పిల్ల నాటకాలాడడమా అని ముక్కున వేలేసుకునే రోజులవి. కుటుంబమే నాటక సమాజంగా బతికిన సురభి వాళ్లు అందుకు మినహాయింపు. అక్కడ ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేశారు. తర్వాత మిగతా సమాజాల్లోకీ నటీమణులు వచ్చారు, సత్యభామ వేషం మెల్లగా వాళ్ల చేతికి వెళ్లింది. నటన అనే కళ చచ్చిపోయిందని అప్పుడెవరూ గుండెలు బాదుకోలేదు. స్థానం వారి పేరూ వీసమెత్తు తగ్గలేదు. ఒకరి ప్రతిభను ఒప్పుకుంటూనే, ఆ ప్రతిభ వెలిగిన రోజుల్లో ఇంకెవరికి తలుపు మూసి ఉందో అడగొచ్చు.

ఈ పోలిక అన్ని చోట్లా అతకదు, అది కూడా చెప్పుకోవాలి. వైకల్యం ఎవరికైనా, ఎప్పుడైనా రావచ్చు. మొదటి అంకంలో పరిగెత్తి, ప్రమాదం తర్వాత రెండో అంకంలో మంచం పట్టే పాత్రకు ఎవర్ని తీసుకోవాలి? దీనికి ఒకే నియమం చెప్పడం కష్టం. ఆ నాటకం ఆ శరీరంతో ఏం చెప్పదలుచుకుందో చూసుకుని తేల్చుకోవాల్సిందే.

తెలుగు ప్రేక్షకులకు ఈ చర్చ పేరు తెలియకముందే ఒక జవాబు కళ్లముందుకు వచ్చింది. 1981లో బస్సు ప్రమాదం తర్వాత సుధా చంద్రన్ కుడికాలు తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు పెట్టించుకుని, మళ్లీ భరతనాట్యం సాధన చేసి, 1984లో తిరిగి వేదిక ఎక్కారు. ఆమె జీవితం ఆధారంగా సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో రామోజీరావు నిర్మించిన 'మయూరి'లో ఆ పాత్ర ఆమే వేశారు, జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ గుర్తింపు వచ్చింది. ఇంకొకరితో వేయించి ఉంటే ఆ సినిమాకు ఆ బలం ఉండేది కాదని వేరే చెప్పక్కర్లేదు. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కథ. టీవీ సీరియళ్లలో ఆమె పట్టుచీరలు, పెద్ద బొట్లు పెట్టుకుని అత్తగా, విలన్‌గా ఏళ్ల తరబడి హడలెత్తించారు. ఆ పాత్రల్లో కాలి ప్రసక్తే లేదు. రెండో ప్రశ్నకు జవాబు అలా ఉంటుంది. అయితే చీర కుచ్చిళ్ల కింద కృత్రిమ పాదం కనబడదు, వీల్‌చెయిర్ కనబడుతుంది. కనబడని వైకల్యానికి పరిశ్రమ ఇచ్చిన చోటు కనబడేదానికి ఇంకా ఇవ్వలేదు.

మూడో రిచర్డ్ మీద తగువు

ఇంగ్లిష్ నాటకాల్లో వైకల్యం ఉన్న పాత్ర అనగానే మొదట గుర్తొచ్చేది షేక్స్‌పియర్ మూడో రిచర్డ్. నాటకం మొదలవడమే అతని మాటలతో మొదలవుతుంది. ప్రకృతి తనను సగం చెక్కి వదిలేసిందని, కుంటుకుంటూ పోతుంటే కుక్కలు మొరుగుతాయని, ప్రేమ తన వల్ల కాదు గనక దుర్మార్గుడిగానే నెగ్గుకొస్తానని ప్రేక్షకులతో చెప్పేస్తాడు. నాలుగు వందల ఏళ్లుగా పేరున్న నటులు వీపు మీద గూని కట్టుకుని, చెయ్యి ముడుచుకుని ఈ వేషం కట్టారు. 1984లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో ఆంటనీ షెర్ రెండు ఊతకర్రల మీద సాలీడులా పాకుతూ ఆడిన తీరును ఇప్పటికీ చెప్పుకుంటారు.

2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ పార్కింగ్ కింద అసలు రిచర్డ్ అస్థిపంజరం దొరికింది. వెన్నెముక బాగా వంకర తిరిగి ఉంది. చచ్చుబడిన చెయ్యి మాత్రం కల్పనేనని తేలింది. అంటే అతని శరీరం మొత్తం షేక్స్‌పియర్ కల్పించింది కాదు, వంకర వెన్నుతో బతికిన మనిషి ఒకడు నిజంగానే ఉన్నాడు. ఆ పాత్రను అలాంటి శరీరమున్న నటులు వేయడం ఆ తర్వాతే ఊపందుకుంది. 2017లో హల్ నగరంలో మ్యాట్ ఫ్రేజర్ వేశారు. గర్భిణులకు ఇచ్చిన థాలిడోమైడ్ మందు వల్ల పొట్టి చేతులతో పుట్టిన నటుడు ఆయన. 2022లో గ్రెగరీ డోరన్ దర్శకత్వంలో ఆర్థర్ హ్యూస్ వేశారు. పుట్టుకతో ఒక చేతిలో లోపమున్న హ్యూస్, రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో ఆ వేషం కట్టిన తొలి వికలాంగ నటుడు. ఆ కంపెనీ పుట్టింది 1961లో. ఆ అరవై ఏళ్లలో ఎంతమంది రిచర్డ్‌లు వచ్చి వెళ్లి ఉంటారో మీరే ఊహించుకోండి.

దారి పడింది కదా అనుకుంటుండగా 2024 జనవరిలో లండన్ గ్లోబ్ థియేటర్ తన కొత్త రిచర్డ్‌ను ప్రకటించింది. ఆ వేషం వేసేది థియేటర్‌ను నడిపించే కళా దర్శకురాలు మిషెల్ టెరీయే. శారీరక వైకల్యం లేని నటి ఆ వేషం వేయడం తగదని వికలాంగ కళాకారులు బహిరంగ లేఖ రాశారు. టెరీ ఆ పాత్రను కనిపించే వైకల్యంతో వేయబోవడం లేదని థియేటర్ వివరించింది, బాధ కలిగినందుకు క్షమాపణ చెప్పింది, నటిని మాత్రం మార్చలేదు. ఆ వేసవిలో నాటకం ఆడింది.

రెండు వైపులా అర్థమున్న తగువు ఇది. ఒక స్త్రీ రిచర్డ్‌ను వేయడం గ్లోబ్ దృష్టిలో తలుపు తెరవడమే. అధికార దాహం, దబాయింపు, అబద్ధం ఏ శరీరంలోనైనా ఉంటాయి కదా. కానీ శరీరం సంగతి తీసేస్తే ఆ మొదటి ప్రసంగంలో మిగిలేదేంటి? గూని దిండు కట్టుకోవడం తప్పన్నప్పుడు, దిండూ లేకుండా వికలాంగ నటుడూ లేకుండా ఆడడం పరిష్కారమా, ఇంకోరకం తప్పించుకోవడమా? నేను లేఖ రాసినవాళ్ల వైపే మొగ్గుతాను. వాళ్లకు హామ్లెట్ వేషానికి పిలుపు రాదు, రోమియోకు రాదు. వంకర ఒళ్లు గనక వంకర బుద్ధి అని చెప్పే పాత్ర ఒక్కటే వాళ్ల పేరు మీద ఉంది, దానికోసం కూడా పోట్లాడాల్సి వచ్చింది. మిగతా రాజులందరి వేషాలకూ పిలుపు వస్తుంటే ఈ ఒక్క రాజు మీద ఇంత గొడవ జరిగేది కాదు.

మనకు మాత్రం తక్కువ తిన్నామా! మంథరకు గూని ఉంది, అందుకే కుళ్లుబుద్ధి అన్నట్టు నడిపిస్తాం. వ్యాసుడి భారతంలో శకుని కుంటివాడు కాడు. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన 'మహాభారత్' శకుని మాత్రం కుంటుతాడు, ఇప్పుడు మనకు తెలిసిన శకుని అతనే. విలనీని కాలికి కట్టేస్తే ప్రేక్షకుడికి ఇట్టే అర్థమవుతుందన్న ధీమా. రాయబారం సీనులో ధృతరాష్ట్రుడి వేషానికి చూపులేని నటుణ్ణి తీసుకుందామని ఎవరైనా అంటే సమాజం వాళ్లు బహుశా ఒప్పుకుంటారు. అదే నటుడికి పద్యం బ్రహ్మాండంగా వచ్చి, నాకు కర్ణుడు కావాలంటే ఏమంటారు?

ఒళ్లు మారితే మాట మారుతుంది

వికలాంగ నటుల్ని తీసుకోవడమంటే పాత నాటకంలో కొత్త మనిషిని కూర్చోబెట్టడం అనుకుంటే పొరపాటు. కొన్నిసార్లు నాటకమే మారిపోతుంది.

2017లో బ్రాడ్‌వే బెలాస్కో థియేటర్లో టెనెసీ విలియమ్స్ 'ద గ్లాస్ మెనాజరీ'ని శామ్ గోల్డ్ కొత్తగా తీశారు. కండరాల క్షీణత ఉన్న మాడిసన్ ఫెరిస్ లారా పాత్ర వేశారు. వీల్‌చెయిర్ వాడే నటి బ్రాడ్‌వేలో ప్రధాన పాత్ర వేయడం అదే మొదలు. స్క్రిప్టులో లారాకు కొద్దిపాటి కుంటితనం, దాన్ని ఆమె మనసులో కొండంత చేసుకుంటుంది. తల్లి అమాండా మాత్రం నీకున్నది చిన్న లోపమేనని కొట్టిపారేస్తుంది. ఈ ప్రదర్శనలో ఫెరిస్ హాల్లోంచి వచ్చి, చేతుల మీద ఒళ్లు ఈడ్చుకుంటూ మెట్లెక్కేవారు. అమాండా వేసిన శాలీ ఫీల్డ్ కుర్చీని పైకి లాగేవారు. సమయం పట్టేది, ప్రేక్షకులు కదలకుండా చూడాల్సి వచ్చేది.

విమర్శకులు రెండుగా చీలిపోయారు. రచయిత రాసింది కొద్ది కుంటితనమే, ఇంత పెద్ద వైకల్యం పెడితే తల్లి మాటలు అర్థం లేకుండా పోతాయన్నది ఒక వాదన. నాకైతే అక్కడే నాటకం పదునెక్కిందనిపిస్తుంది. స్క్రిప్టు ప్రకారం చూస్తే అమాండాది ధైర్యం చెప్పే మాట. ఫెరిస్ ఎదురుగా కూర్చున్నాక అదే మాట కళ్లముందున్నదాన్ని ఒప్పుకోలేని తల్లి మొండితనమైపోతుంది. ఒక్క అక్షరం మార్చకుండా అర్థం మారింది. అయితే ఒక అభ్యంతరాన్ని నేను తీసిపారేయలేను. ఆ మెట్ల దృశ్యం నటి కోసమా, నటిని చూసి ఉలిక్కిపడే మన కోసమా? పాత నాటకం తిరగరాసినట్టు అనిపించినవాళ్లూ ఉన్నారు, ఒక శరీరాన్ని ప్రదర్శనకు పెట్టినట్టు అనిపించినవాళ్లూ ఉన్నారు. నాటకం అనుకున్నదానికంటే ముందే, మే నెలలోనే ముగిసింది.

కథలోనే వైకల్యం నయమైపోతే చిక్కు ఇంకోలా ఉంటుంది. 2003 నుంచి బ్రాడ్‌వేలో నడుస్తున్న 'వికెడ్' అనే సంగీత నాటకంలో నెస్సారోజ్ అనే అమ్మాయి వీల్‌చెయిర్‌లో ఉంటుంది, రెండో అంకంలో మంత్రం వల్ల లేచి నడుస్తుంది. నడవాలి కాబట్టి నడవగలిగే నటినే తీసుకోవాలన్న లెక్కతో ఇరవై ఏళ్లకు పైగా గడిచింది. 2025లో గానీ నిజంగా వీల్‌చెయిర్ వాడే జెన్నా బెయిన్‌బ్రిడ్జ్ ఆ పాత్రలోకి రాలేదు. ఆమె కొంతవరకు నిలబడగలరు, నడవగలరు. వీల్‌చెయిర్ వాడేవాళ్లంతా అసలు లేవలేనివాళ్లనుకోవడం మన అజ్ఞానమే. దూరం నడవలేకో, నొప్పి వల్లో, అలసట వల్లో వాడేవాళ్లు బోలెడంతమంది. అదే కథ సినిమాగా వచ్చినప్పుడు మరిసా బోడీ అనే వీల్‌చెయిర్ వాడే నటిని తీసుకుని, రెండో భాగంలో నడిపించే బదులు గాల్లోకి తేలేలా మార్చారు. మనకు కుబ్జ కథ ఉంది. మథురలో కృష్ణుడు ఆమె పాదాలు తొక్కిపట్టి, గడ్డం కింద వేళ్లు పెట్టి ఎత్తగానే గూని పోయి అందగత్తె అవుతుంది. భక్తి కథగా అది అందమైనదే. కానీ స్టేజీ మీద ఆ క్షణం కావాలంటే గూని తీసేయగలిగిన నటే కావాలి. నయమైతేనే కథకు సుఖాంతమన్న అలవాటు వికలాంగ నటిని ముందే పక్కన పెట్టేస్తుంది.

చెవులతో కాకుండా

ఆచరణలో ఎలా కుదురుతుందన్న సందేహానికి మంచి జవాబులు వినికిడి లేని కళాకారుల నాటకాల నుంచి వచ్చాయి. 1980లో ఫిలిస్ ఫ్రెలిక్ అనే వినికిడి లేని నటి 'చిల్డ్రన్ ఆఫ్ ఎ లెసర్ గాడ్' నాటకానికి టోనీ గెలిచారు. రచయిత మార్క్ మెడాఫ్ ఆ పాత్రను ఆమెను దృష్టిలో పెట్టుకునే రాశారు. స్ట్రోకర్ కంటే 39 ఏళ్ల ముందు మాట ఇది.

లాస్ ఏంజెలెస్‌లో 1991లో మొదలైన డెఫ్ వెస్ట్ అనే సంస్థ ఇంకా దూరం వెళ్లి సంగీత నాటకాలే ఎత్తుకుంది. 2015లో వాళ్ల 'స్ప్రింగ్ అవేకెనింగ్' బ్రాడ్‌వేకి వచ్చింది. వినబడని నటుడు సంజ్ఞా భాషలో ఆ పాటను ఆడతాడు, పక్కనే మరో కళాకారుడు అదే పాటను గొంతెత్తి పాడతాడు. మరి తాళం ఎలా అందుతుంది? లైటు మారడం ఒక గుర్తు. తోటి నటుడు భుజం తట్టడం, ఒక అడుగు ముందుకు వేయడం, ఊపిరి బిగబట్టి వదలడం మరో గుర్తు. అవన్నీ రిహార్సల్స్‌లోనే నృత్యంలోకి కలిపేస్తారు గనక ప్రేక్షకుడికి సైగలా కనబడవు, నాటకంలో భాగంగానే కనబడతాయి. తల్లిదండ్రులు పిల్లలతో మాట్లాడలేకపోవడమే ఆ నాటకంలో విషయం. వినబడే పెద్దలు, వినబడని పిల్లలు ఎదురెదురు నిలబడితే ఆ అగాధాన్ని ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. స్ట్రోకర్ బ్రాడ్‌వేలో మొదట అడుగుపెట్టింది కూడా ఈ నాటకంతోనే.

బ్రిటన్‌లో 1980లో పుట్టిన గ్రేఐ సంస్థది ఇదే దారి. సంజ్ఞా భాష, తెర మీద మాటలు, దృశ్యాన్ని మాటల్లో వర్ణించడం, వీటిని చివర్లో అతికించే సౌకర్యాలుగా కాకుండా నాటకం రాసేటప్పుడే కలుపుకుంటారు. ఏడేళ్ల వయసులో వినికిడి పోయిన జెనీ సీలీ 1997 నుంచి చాలా ఏళ్లు దాన్ని నడిపారు. 2012 లండన్ పారాలింపిక్స్ ప్రారంభ వేడుకకు సహ దర్శకురాలూ ఆమే. పోలియో వచ్చిన గాయకుడు ఇయన్ డ్యూరీ 1981లో పాడగా బీబీసీ పక్కన పెట్టిన పాట ఒకటి ఆ వేడుకలో వేలమంది ముందు మార్మోగింది.

కనబడని వైకల్యం, చెప్పాలా వద్దా

వీల్‌చెయిర్, సంజ్ఞా భాష కళ్లకు కనబడతాయి. ఆటిజం కనబడదు, మూర్ఛ కనబడదు, దీర్ఘకాల నొప్పి కనబడదు. ఆటిజం ఉన్న అబ్బాయి కథానాయకుడైన ఒక ప్రసిద్ధ నాటకంలో ఆ పాత్రను, తాను ఆటిస్టిక్ అని బాహాటంగా చెప్పుకున్న నటుడు మికీ రో 2017లో అమెరికాలో వేశారు. 2023 డిసెంబరులో 'హౌ టు డాన్స్ ఇన్ ఒహాయో' అనే సంగీత నాటకంలో ఏడుగురు ఆటిస్టిక్ కళాకారులు బ్రాడ్‌వే ఎక్కారు. ప్రేక్షకుల్లో ఎవరికైనా శబ్దం, వెలుతురు ఎక్కువైతే కాసేపు కూర్చోవడానికి విడిగా చోటు పెట్టారు.

ఇక్కడ నిర్మాతకు వచ్చే టెన్షన్ నిజమైనదే. ఆడిషన్‌కు వచ్చినవాణ్ణి నీకు వైకల్యం ఉందా అని అడగడం పద్ధతి కాదు, చాలా దేశాల్లో చట్టం కూడా ఒప్పుకోదు. అడగకుండా తెలియదు. చెప్పుకుంటే తర్వాతి అవకాశం పోతుందేమోనని నటుడి భయం. పైకి కనబడటం లేదని 'నువ్వు నిజంగా వికలాంగుడివేనా' అని జనం నిలదీయడం ఇంకో బాధ. ప్రతి నటుడూ సర్టిఫికెట్ మెడలో వేలాడేసుకుని తిరగాలని ఎవరూ కోరుకోరు. అందుకే బ్రిటన్‌లో ఒక పద్ధతి అలవాటైంది. జబ్బు పేరు అడగరు. నువ్వు బాగా పని చేయడానికి ఏం కావాలో చెప్పమంటారు. నటుడు ఒక పేజీ రాసి ఇస్తాడు. స్క్రిప్టు పెద్ద అక్షరాల్లో కావాలి, గంటకోసారి పది నిమిషాలు విశ్రాంతి కావాలి, డ్రెస్సింగ్ రూమ్ కింది అంతస్తులో కావాలి, ఇలా. ఒప్పందంతో పాటు అది కూడా ఫైల్లో ఉంటుంది.

రచయిత చేతిలోనూ ఒక ఆయుధం ఉంది. మార్టీనా మయోక్ రాసిన 'కాస్ట్ ఆఫ్ లివింగ్' నాటకానికి 2018లో అమెరికాలో పెద్ద పేరున్న పులిట్జర్ పురస్కారం వచ్చింది. అందులో ఒకరికి మెదడు లోపం వల్ల కదలికలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ, ఇంకొకరికి కాళ్లు లేవు. ఆ రెండు పాత్రలకూ వికలాంగ నటుల్నే తీసుకోవాలని రచయిత్రి అడిగారు. 2022లో బ్రాడ్‌వేలో గ్రెగ్ మోజ్‌గాలా, కేటీ సలివాన్ వేశారు. సలివాన్ 2012 పారాలింపిక్స్‌లో పరిగెత్తిన అథ్లెట్. నాటకంలో స్నానం చేయించే దృశ్యం ఒకటుంది. ఒక శరీరాన్ని మరొకరు ఎత్తడం, తడపడం, తుడవడం తప్ప అక్కడ పెద్దగా మాటలుండవు. నటించి చూపించగలిగేదానికి ఒక హద్దుందని ఒప్పుకోవాలంటే ఆ దృశ్యం చాలు.

మెట్లు, డబ్బు, చట్టం

మంచి మనసున్న దర్శకుడు ఒక్కడు దొరికితే సరిపోదు. సంజ్ఞా భాష దుబాసీకి రిహార్సల్ మొదటి రోజు నుంచి డబ్బివ్వాలి. ఊరూరా తిరిగే నాటకమైతే ప్రతి ఊళ్లో బాత్రూమ్ తలుపు వెడల్పు కొలుచుకోవాలి. బ్రిటన్‌లో ఈ ఖర్చులో కొంత 'యాక్సెస్ టు వర్క్' అనే ప్రభుత్వ పథకం భరిస్తుంది. దుబాసీకి, సహాయకుడికి, టాక్సీకి వచ్చే డబ్బు నటుడి పేరు మీద మంజూరవుతుంది గనక నిర్మాతకు ఆ నటుడు అదనపు ఖర్చుగా కనబడడు. అక్కడ మార్పు రావడానికి మంచితనంతో పాటు ఈ ఏర్పాటూ ఒక కారణం.

మన దగ్గర చట్టం కాగితం మీద బాగానే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. అందులో 29వ సెక్షన్ వికలాంగ కళాకారులకు సౌకర్యాలు, ప్రోత్సాహం ఇవ్వాలంటుంది, కళల కోర్సులను వాళ్లు కూడా చేరగలిగేలా మార్చాలంటుంది. ప్రజల భవనాలు అందరూ వాడుకునేలా ఉండాలని వేరే సెక్షన్లున్నాయి. 2024 జూలైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వికలాంగుల్ని చూపించే తీరు మీద మార్గదర్శకాలిచ్చింది. హేళన చేయొద్దని, వాళ్లను భాగస్వాముల్ని చేయమని చెప్పిందే తప్ప ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలో చెప్పలేదు. చెప్పకపోవడమే నయం, అది కోర్టు పని కాదు. కోర్టు పని అనదగ్గది అదే ఏడాది నవంబరులో జరిగింది. 2005లో రాజీవ్ రతూరి వేసిన కేసులో, భవనాలూ రవాణా అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం.

మీ ఊళ్లో పరిషత్తు పోటీలు జరిగే కళాక్షేత్రాన్ని ఒకసారి గుర్తుతెచ్చుకోండి. హాలు ముందు ర్యాంప్ ఉండొచ్చు. స్టేజీ పక్కన మెట్లు ఎన్ని? గ్రీన్‌రూమ్ ఎక్కడ? అక్కడి బాత్రూములో ఊతకర్రతో తిరగగలరా? పోటీలో ఒక నాటికకూ ఇంకో నాటికకూ మధ్య సెట్టు మార్చుకోవడానికి ఇచ్చే సమయంలో వీల్‌చెయిర్‌ను నలుగురు ఎత్తి దించగలరా? మన సమాజాలు చాలామటుకు జేబులోంచి పెట్టుకుని ఆడేవి, వాళ్లను ర్యాంప్ కట్టమనడం అన్యాయం. అది హాలు కట్టినవాళ్ల బాధ్యత. సమాజాల చేతిలో ఉన్నది వేరే ఉంది. పాత్రల పంపకం రోజున ఎవర్ని పిలుస్తారు, రిహార్సల్‌కు మేడ మీద గది తీసుకుంటారా కింద తీసుకుంటారా, చూపులేని నటుడికి స్క్రిప్టు చదివి రికార్డు చేసి ఇస్తారా. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

'తీసుకుందామంటే శిక్షణ ఉన్నవాళ్లు దొరకడం లేదు' అనేది అన్ని దేశాల్లోనూ వినిపించే జవాబు. అబద్ధం కాదు కూడా. నాటక పాఠశాలల్లో సీటు రాకపోతే శిక్షణ రాదు, శిక్షణ లేకపోతే వేషం రాదు, ఆ రంగంలో తనలాంటి మనిషి కనబడకపోతే పదిహేనేళ్ల పిల్ల ఆ కోర్సుకు దరఖాస్తే పెట్టదు. స్ట్రోకర్ చదివిన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని టిష్ స్కూల్లో వీల్‌చెయిర్ వాడే విద్యార్థి నటనలో డిగ్రీ పూర్తి చేయడం ఆమెతోనే మొదలైంది, అది 2009లో. టోనీ వచ్చింది ఆ తర్వాత పదేళ్లకు. మన విశ్వవిద్యాలయాల్లో రంగస్థల కళల శాఖలున్నాయి, 29వ సెక్షన్ ఉంది, రిజర్వేషన్ సీట్లున్నాయి. దేహ శిక్షణ పేరుతో పొద్దున్నే పెట్టే క్లాసును కాళ్లు కదలని విద్యార్థికి ఎలా నేర్పాలో సిలబస్‌లో రాసుకోవడం ఆ శాఖలు ఈ విద్యా సంవత్సరమే మొదలుపెట్టొచ్చు. దానికి కొత్త భవనమూ అక్కర్లేదు, కోర్టు తీర్పూ అక్కర్లేదు.